షిఫ్టు ఆగిన ఊళ్ళో మనసు మాట

కోలారు బంగారు గనుల్లో ఏళ్ళ తరబడి రాయి తొలిచిన మనిషికి ఊపిరి అందేది కాదు. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, రాత్రంతా దగ్గు. క్షయ అనుకునేవాళ్ళు, దమ్ము అనుకునేవాళ్ళు, వయసు మీద పడిందని సరిపెట్టుకునేవాళ్ళు. తర్వాత ఎక్స్‌రేలు వచ్చాయి. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోవడం వల్ల వచ్చే ఆ జబ్బు సిలికోసిస్ అన్న పేరుతో రికార్డులకెక్కింది. దాని బారిన పడ్డ కార్మికులకు పరిహారం ఇవ్వడానికి 1940లో మైసూరు సంస్థానం ప్రత్యేకంగా నిబంధనలు చేసింది. 1947లో వెలువడిన ఒక అధ్యయనంలో 7,653 మంది గని కార్మికులను పరీక్షిస్తే 43.7 శాతం మందిలో సిలికోసిస్ బయటపడింది. అప్పటిదాకా ఎవరి దగ్గు వాళ్ళది. లెక్క తేలాక అది ఊరి జబ్బయింది.

అదే ఊళ్ళో, ఆ చుట్టుపక్కల పల్లెల్లో, ఎక్స్‌రేకు దొరకని జబ్బు ఇంకొకటి ఉంది. డాక్టర్లు డిప్రెషన్ అంటారు, పత్రికల్లో కుంగుబాటు అని రాస్తాం. ఇంట్లో మాత్రం ‘ఆయన కొంచెం మెత్తబడిపోయినాడు’, ‘ఆమెకు ఒంట్లో బాగుండట్లేదు’ అన్న మాటలతో సరిపోతుంది. ఊపిరితిత్తుల జబ్బును నలుగురి ముందు పెట్టి పరిహారం దాకా తీసుకెళ్ళిన కోలారు నేల, ఈ జబ్బును కూడా జబ్బుగా ఒప్పుకుని వైద్యం అడిగి తీసుకోవాలి. ఈ కథనం రాయడానికి కారణం అదే.

2001 ఫిబ్రవరి 28

కేజీఎఫ్ అంటే ఇప్పటి కుర్రకారుకు యశ్ సినిమా. అసలు కేజీఎఫ్ ఈ కోలారు గోల్డ్ ఫీల్డ్స్. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లిషు కంపెనీ ఇక్కడ తవ్వకాలు చేపట్టింది. 1902లో శివనసముద్రం జలపాతం నుంచి తీగలు లాగి గనులకు కరెంటు తెచ్చారు. దేశంలో చాలా నగరాలకు అప్పటికి కరెంటు దీపం తెలియదు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగింది. అంత అడుగున రాయి ఒంటిని కాల్చేంత వేడిగా ఉంటుంది. లోపల రాతి ఒత్తిడికి గని గోడలు పేలితే పైన ఊళ్ళో ఇళ్ళు అదిరేవి. ఉత్తరార్కాటు నుంచి తమిళులు, చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్ళు వచ్చి ఈ గనుల్లో దిగారు. ఒక దశలో 30 వేలమందికి పైగా ఇక్కడ పనిచేశారు. నూటపాతికేళ్ళ లోపే ఈ నేల 800 టన్నుల బంగారం ఇచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక గనులు ప్రభుత్వం చేతికి వచ్చాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ అయింది. తవ్వితీసే ఖర్చు బంగారం ధరను మించిపోయిందన్న లెక్కతో 2001 ఫిబ్రవరి 28న మూసేశారు.

ఆ రోజు పోయింది జీతం ఒక్కటే అయితే ఈ కథ చిన్నదే. గని మనిషికి కంపెనీ అంటే ఉండే ఇల్లు, పిల్లల బడి, ఆసుపత్రి, ఆదివారం ఫుట్‌బాల్ ఆట. షిఫ్టును బట్టే అన్నం, షిఫ్టును బట్టే నిద్ర. తాత దిగిన గనిలోనే తండ్రి, తండ్రి దిగిన గనిలోనే కొడుకు. ప్రాణాలకు తెగించి చేసే పని కాబట్టి పక్కవాడి మీద నమ్మకం అన్నదమ్ముల మధ్య కూడా ఉండనంత గట్టిగా ఉండేది. ఇవన్నీ ఒక్క తేదీతో తెగిపోయాయి. చేతికి వచ్చిన సెటిల్‌మెంటు డబ్బు పెళ్ళిళ్ళకో అప్పులకో పోయింది. ఉంటున్న కంపెనీ లైన్ ఇల్లు తమదవుతుందా లేదా అన్న ఎదురుచూపు మిగిలింది.

మరియంతాల్ చెప్పింది

పని పోతే మనసుకు ఏమవుతుందో తొలినాళ్ళలోనే దగ్గరగా చూసి రాసినవాళ్ళు ఆస్ట్రియా పరిశోధకులు. వియన్నా దగ్గర మరియంతాల్ అనే ఊళ్ళో ఒకే ఒక్క మిల్లు. ఊరంతా దాని మీదే బతికేది. 1929-30లో అది మూతపడింది. మేరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ 1931-32లో ఆ ఊరికి వెళ్ళి ఇల్లిల్లూ తిరిగారు, 1933లో పుస్తకం అచ్చువేశారు.

పనిపోయిన మనిషికి తీరిక దొరుకుతుంది కదా, చదువుకుంటాడు, రాజకీయాల్లోకి దిగుతాడు, తిరగబడతాడు అని అందరి ఊహ. జరిగింది అది కాదు. ఊరి లైబ్రరీ నుంచి తీసుకెళ్ళే పుస్తకాలు దాదాపు సగానికి పడిపోయాయి. మగవాళ్ళలో చాలామంది గడియారం పెట్టుకోవడం మానేశారు. పరిశోధకులు కిటికీ దగ్గర నిలబడి వీధిలో పోయేవాళ్ళ నడకను కొలిచారు. మగవాళ్ళ అడుగు నెమ్మదించింది. వీధి దాటేలోపు చాలామంది రెండు మూడుసార్లు ఊరికే ఆగిపోయేవాళ్ళు. ఆడవాళ్ళు మాత్రం చకచకా నడిచేవాళ్ళు. వంట, గుడ్డలు, పిల్లలు వాళ్ళను ఆగనివ్వలేదు.

యహోదా ఆ తర్వాత చాలా ఏళ్ళు ఈ ప్రశ్న మీదే పనిచేసింది. ఉద్యోగం మనిషికి జీతంతో పాటు రోజుకొక క్రమం ఇస్తుంది, ఇంటి బయట నలుగురితో కలుపుతుంది, పదిమందితో కలిసి ఒక పని సాధిస్తున్నామన్న భావం ఇస్తుంది, నలుగురిలో ఒక గుర్తింపు ఇస్తుంది, చేతులకు పని పెడుతుంది. జీతానికి బదులు పింఛను ఇవ్వొచ్చు. మిగతా వాటికి బదులు ఏమిస్తాం? కేజీఎఫ్‌కు ప్యాకేజీల లెక్కలు వేసినవాళ్ళు ఈ ప్రశ్న వేసుకుని ఉంటే బాగుండేది.

మరియంతాల్ ఆడవాళ్ళు చకచకా నడిచారంటే సుఖంగా ఉన్నారని కాదు. ఇప్పటి కేజీఎఫ్‌లో తెల్లారకముందే మారికుప్పం నుంచి బెంగళూరుకు కదిలే రైలు చూడండి. దాదాపు వంద కిలోమీటర్లు పోయి పనిచేసి, చీకటి పడ్డాక అదే దారిన వెనక్కి వచ్చే జనంతో బోగీలు కిటకిటలాడతాయి. వాళ్ళలో ఆడవాళ్ళు ఎందరో. పొద్దున వంట చేసి బయలుదేరి, రాత్రి వచ్చి మళ్ళీ వంట. నిద్ర రైల్లోనే. లండన్‌లోని కాంబర్‌వెల్‌లో జార్జ్ బ్రౌన్, టిరిల్ హారిస్ ఆడవాళ్ళలో డిప్రెషన్ గురించి చేసిన పరిశోధన 1978లో పుస్తకంగా వచ్చింది. నష్టమో అవమానమో జరిగిన ప్రతి ఆడమనిషీ జబ్బు పడలేదు. మనసు విప్పి చెప్పుకునే తోడు లేనివాళ్ళు, చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్నవాళ్ళు, ఇంటి నిండా చిన్నపిల్లలతో సతమతమయ్యేవాళ్ళు ఎక్కువగా పడ్డారు. అంటే కష్టం ఎంత పెద్దదన్న దానితో పాటు, ఆ కష్టంలో పక్కన ఎవరున్నారన్నది కూడా జబ్బును నిర్ణయిస్తుంది.

కారణం ఒక్కటి కాదు

పనిపోయినవాళ్ళందరికీ డిప్రెషన్ రాదు. ఏ లోటూ లేని ఇంట్లోనూ వస్తుంది. కవలల మీద జరిగిన పరిశోధనలను బట్టి వంశపారంపర్యం వాటా మూడోవంతుకు కాస్త ఎక్కువ. చిన్ననాటి దెబ్బలు, కాన్పు తర్వాతి రోజులు, ఏళ్ళ తరబడి వదలని జబ్బులు, తాగుడు ఇవన్నీ దాన్ని లాక్కొస్తాయి. ఊపిరాడని జబ్బున్న మనిషికి ఈ ముప్పు మరీ ఎక్కువ. నడవలేక ఇంటిపట్టున ఉంటాడు, ఇంటిపట్టున ఉండి మనసు చెడుతుంది, మనసు చెడ్డాక మందులు సరిగ్గా వేసుకోడు. సిలికోసిస్ ఉన్న ఊళ్ళో ఛాతీ డాక్టరు మనసు గురించి కూడా ఒక మాట అడగాలి అనేది ఇందుకే.

మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గితే డిప్రెషన్ వస్తుందని చాలాకాలం చెప్పారు. ఆ వివరణ మరీ తేలికైనదని ఇప్పుడు శాస్త్రవేత్తలే అంటున్నారు. 2022లో వచ్చిన ఒక సమీక్ష ఆ వాదానికి గట్టి ఆధారం లేదని తేల్చింది. దాన్ని పట్టుకుని మందులు దండగ అనేవాళ్ళు ఉన్నారు. మందు ఎలా పనిచేస్తుందో పూర్తిగా తెలియకపోవడం, మందు పనిచేయకపోవడం రెండూ ఒకటి కావు.

కోలారు పల్లెల సంగతి ఇంకో రకం. నిండుగా పారే నది లేని జిల్లా. చెరువులే ఆధారం, అవి ఎండితే బోరు. వెయ్యి అడుగులు దాటినా చెమ్మ తగలని బోర్లు లెక్కలేనన్ని. బోరుకు అప్పు, టమాటా నారుకు అప్పు, కట్టెలకు అప్పు. కోలారు మార్కెట్ యార్డు దేశంలోనే పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. ధర ఉన్న వారం పండగ, పడిపోయిన వారం కోత కూలీ కూడా గిట్టక తోటలోనే వదిలేస్తారు. ములబాగిలు, శ్రీనివాసపురం తాలూకాల్లో ఇంటి భాష తెలుగే అయిన రైతులు ఎందరో. పొలం వాన మీద, ధర మార్కెట్ మీద, రాత్రి నిద్ర అప్పులవాడి ఫోను మీద ఆధారపడ్డప్పుడు ఎంత గట్టివాడైనా లోపల సడలుతాడు. అప్పును మాఫీ చేయాల్సింది డాక్టరు కాదు, నిజమే. కానీ డిప్రెషన్ ముదిరిన మనిషి అప్పు తీర్చే దారి ఉన్నా చూడలేడు. ముందు నిద్ర, ఆకలి, ఆలోచన తిరిగి రావాలి.

తొమ్మిది ప్రశ్నలు

ఆండర్సన్‌పేటలో ఉండే ఒక పెద్దాయనను ఊహించుకుందాం. గని మూసేనాటికి నలభై ఏళ్ళు, ఇప్పుడు అరవై దాటాయి. డాక్టరు దగ్గరికి వచ్చి ‘మనసు బాగలేదు’ అని చెప్పడు. గుండెల్లో బరువు, తల దిమ్ము, గ్యాసు, నీరసం అంటాడు. ఈసీజీ బాగుంటుంది. రక్తపరీక్ష బాగుంటుంది. ‘నీకేం లేదు పెద్దాయనా’ అని టానిక్ రాసిస్తే ఆ మాట ఆయనకు ఊరట కాదు, శిక్ష. నాకేం లేకపోతే మరి ఇట్లా ఎందుకున్నాను?

కాస్త ఓపికున్న డాక్టరయితే ఇలా మొదలుపెడతాడు.

‘నిద్ర ఎట్లుంది పెద్దాయనా?’

‘తెల్లారుజాము మూడుకే మెలకువ వచ్చేస్తా ఉంది సార్. మళ్ళా పట్టదు.’

‘మొదట్లో ఏం చేస్తే సంతోషంగా ఉండేది?’

‘ఫుట్‌బాల్ అంటే ప్రాణం సార్. ఇప్పుడు మనవడు ఇంటి ముందరే ఆడినా చూడబుద్ధి కాదు.’

ఈ రెండో జవాబే ముఖ్యం. దిగులు అందరికీ వస్తుంది. ఇష్టమైనది ఎదురుగా ఉన్నా ఇష్టం పుట్టకపోవడం ఈ జబ్బు ప్రధాన లక్షణాల్లో ఒకటి. ప్రపంచమంతా డాక్టర్లు వాడే పీహెచ్‌క్యూ-9 అనే పట్టికలో తొమ్మిది ప్రశ్నలుంటాయి. గత రెండు వారాల్లో దేని మీదా ఆసక్తి లేకపోవడం, దిగులు, నిద్ర తేడా, నీరసం, ఆకలి తేడా, ‘నేను పనికిరానివాణ్ణి’ అన్న భావం, ధ్యాస కుదరకపోవడం, కదలిక మందగించడం లేదా కుదురుగా ఉండలేకపోవడం, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం 27. పది లేదా అంతకన్నా ఎక్కువ వస్తే డాక్టరు శ్రద్ధగా చూడాలి. ఐదు నిమిషాల పని. ఎక్స్‌రే గది అక్కర్లేదు, ల్యాబు అక్కర్లేదు.

మార్కులతోనే నిర్ధారణ అయిపోదు. థైరాయిడ్ మందగించినా, రక్తం తక్కువైనా, బి12 లోపించినా ఇవే లక్షణాలు రావొచ్చు కాబట్టి వాటికి పరీక్షలు చేయించాలి. ఆయాసానికి వాడే స్టెరాయిడ్లు కూడా మనసును తారుమారు చేయగలవు. గతంలో ఎప్పుడైనా నిద్రే అక్కర్లేనంత హుషారు, అదుపులేని ఖర్చు, గొప్పల మాటలు ఉన్నాయా అని తప్పక అడగాలి. ఉంటే అది బైపోలార్ కావచ్చు, దానికి మందులు వేరు. ఇంట్లో చావు జరిగి ఏడుస్తున్న మనిషికి జబ్బు ముద్ర వేయకూడదు.

చావు ఆలోచన గురించిన ఆ చివరి ప్రశ్న అడగడానికి చాలామంది డాక్టర్లూ వెనకాడతారు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయం. ఆ భయానికి ఆధారం లేదు. అడిగితే ఆ మనిషికి గుండె తేలికవుతుంది, మనకు ప్రమాదం ఎంత దగ్గరుందో తెలుస్తుంది. ఇంట్లోవాళ్ళు కూడా అడగొచ్చు. ‘నీకేం తక్కువ’, ‘ధైర్యంగా ఉండు’ అనే మాటలకన్నా ‘ఎన్నాళ్ళనుంచి ఇట్లా ఉంది? నేను తోడొస్తా, పోదాం’ అనే మాట పనికొస్తుంది.

నూటికి 85 మంది

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. అంత పెద్ద సర్వే మొదలుపెట్టే ముందు పద్ధతి సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ప్రయోగాత్మకంగా ఎంచుకున్న జిల్లా కోలారు. ఈ సంగతి కోలారులోనే చాలామందికి తెలియదు. సర్వేలో తేలిందేమిటంటే, పెద్దవాళ్ళలో ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ బారిన పడ్డవాళ్ళే. డిప్రెషన్ ఉండీ వైద్యం అందనివాళ్ళు నూటికి 85 మంది. ఊపిరితిత్తుల జబ్బున్న నూరుమందిలో ఎనభై ఐదుమందికి మందు అందడం లేదంటే ఊరు ఊరుకునేదా?

వైద్యం అందకపోవడానికి కారణం దూరం కాదు. కేజీఎఫ్ నుంచి రైలెక్కితే నిమ్హాన్స్ ఒక్కపూట ప్రయాణం. అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి తెలుగువాళ్ళు అక్కడికి రోజూ వస్తూనే ఉంటారు. అసలు అడ్డం ‘పిచ్చాసుపత్రికి పోయినాడంట’ అన్న మాట. ఆడపిల్లకు సంబంధం రాదేమోనన్న భయం. గాలి సోకిందని, ఎవరో చేయించారని తిరిగే నెలలు. కమ్మసంద్ర కోటిలింగేశ్వరుడికి, కోలారమ్మకు మొక్కుకోవడంలో తప్పు లేదు, మొక్కు మనసుకు ఆసరా. మొక్కుతో పాటు మందు కూడా నడవాలి, అంతే.

తగ్గుతుంది

డిప్రెషన్ తగ్గే జబ్బు. తేలికపాటిది మాటల వైద్యంతోనే తగ్గుతుంది, మధ్యస్థంగానో తీవ్రంగానో ఉంటే మందు కావాలి, రెండూ కలిస్తే మరీ మంచిది. ఫ్లుక్సెటిన్, ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటి మాత్రలు ఖరీదైనవి కావు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, కడుపులో తిప్పడం లాంటివి రావొచ్చు. సరిగ్గా అక్కడే చాలామంది మానేస్తారు. గుణం కనిపించాక ‘తగ్గింది కదా’ అని ఇంకొందరు మానేస్తారు. తగ్గాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి, తర్వాత డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. ఇవి అలవాటు పడే మత్తుమందులు కావు. అలవాటు పడేవి వేరు, మెడికల్ షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలు. మన ఊళ్ళలో భయం మొదటివాటి మీద, ధైర్యం రెండోవాటి మీద ఉంది. ఇది తారుమారు కావాలి.

సైకియాట్రిస్టులు చాలినంతమంది లేని దేశంలో ఎలా? గోవాలో విక్రమ్ పటేల్ బృందం దీనికి దారి చూపింది. డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూర్చోబెట్టారు. ఆరు నుంచి ఎనిమిది విడతల మాటలు. చేసేది పెద్ద మంత్రమేమీ కాదు, ‘మనసు బాగుపడ్డాక పని చేద్దాం’ అనుకునే మనిషి చేత ముందు చిన్న చిన్న పనులు చేయించడం. పొద్దున ఆరింటికి లేవడం, వీధి చివరిదాకా నడవడం, పాత షిఫ్టు స్నేహితుడి ఇంటికి వెళ్ళి టీ తాగడం. 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఫలితాల్లో మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళకన్నా వీళ్ళు బాగా కోలుకున్నారు. షిఫ్టు పోయిన మనిషికి రోజును మళ్ళీ కట్టిపెట్టే ఈ వైద్యం కేజీఎఫ్ కోసమే పుట్టిందా అనిపిస్తుంది. ఆశా కార్యకర్తలకు, గని కార్మిక సంఘాల పెద్దలకు ఈ శిక్షణ ఇవ్వడానికి కోట్లు అక్కర్లేదు.

తిండీ నీళ్ళూ మానేసి మంచం పట్టినవాళ్ళకు, చావు ఆలోచన వదలనివాళ్ళకు కరెంటు వైద్యం ప్రాణం నిలుపుతుంది. సినిమాల్లో చూపించేది కాదది. మత్తు ఇచ్చి, కండరాలు సడలించే మందు ఇచ్చి చేస్తారు. మత్తు లేకుండా చేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది. ప్రాణం తీసుకోబోయిన మనిషిని నేరస్థుడిగా కాక తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలని, ప్రభుత్వమే అతనికి వైద్యం, ఆసరా అందించాలని చెప్పింది కూడా ఆ చట్టమే. పోలీసు కేసుకు భయపడి ఆసుపత్రికి తీసుకెళ్ళడం ఆలస్యం చేయకండి.

రైతు ఇళ్ళకు ఒక మాట. శ్రీలంక అతి ప్రమాదకరమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించాక అక్కడ ఆత్మహత్యలు మూడోవంతుకు పడిపోయాయి. మనసు చెడ్డ ఘడియ దాటిపోతే మనిషి నిలబడతాడని అది రుజువు చేసింది. పురుగుమందు ఇంట్లో ఉంచకండి. ఉంచక తప్పకపోతే తాళం వేసి, తాళంచెవి ఇంకొకరి దగ్గర పెట్టండి.

ఎక్కడికి పోవాలి

కోలారులో జిల్లా ఆసుపత్రి ఎస్.ఎన్.ఆర్., టమకలో దేవరాజ్ అర్స్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. కర్ణాటక ప్రభుత్వం ‘మనోచైతన్య’ పేరుతో మంగళవారాల్లో తాలూకా ఆసుపత్రులకు సైకియాట్రిస్టును పంపే పద్ధతి పెట్టింది. మీ తాలూకా ఆసుపత్రిలో ఆ మంగళవారం నడుస్తోందా అని అడగండి. నడవకపోతే ఎందుకు నడవడం లేదని పంచాయతీలో, తాలూకా ఆఫీసులో, ఓటు అడగడానికి వచ్చినవాళ్ళను నిలదీయండి. పరిహారం కోసం, ఇళ్ళ పట్టాల కోసం ఊరేగింపులు తీసిన ఊరికి అడగడం కొత్త కాదు.

ఇల్లు కదలలేని స్థితిలో ఉంటే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరది. రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బు అడగరు, తెలుగులో మాట్లాడొచ్చు.